చెరువు వయసు, డబ్బు గడువు

మాస్టారి పేరిట ఏటా జరిగే ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలవడం గౌరవంగా భావిస్తున్నాను. గౌరవం కన్నా ముందు నా మీద ఒక పాత బాకీ ఉంది. దాన్ని ఈ సభలో తీర్చుకోవాలని వచ్చాను.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా గ్రామీణ బ్యాంకులో పనిచేసినవాణ్ణి. మాస్టారిని మొదటిసారి కలిసింది తనిఖీకి వచ్చిన అధికారిగా. బడి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన ఈ చుట్టుపక్కల ఊళ్ల సంఘాల లెక్కలు రాసిపెట్టేవారు. ఎర్ర అట్ట ఉన్న పొడుగాటి పుస్తకం, గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత కూడా ఉండేది కాదు. అందులో ఒక గడి దగ్గర నా కలం ఆగింది. ఆ సంగతి చివర చెబుతాను. ఈ ఉపన్యాసమంతా నిజానికి ఆ ఒక్క గడి గురించే.

సమాజానికి మేలు చేస్తూ లాభం కూడా తెచ్చే పెట్టుబడిని ఇవాళ ఇంపాక్ట్ ఇన్వెస్టింగ్ అంటున్నారు. 2007లో ఇటలీలోని బెల్లాజియోలో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ఏర్పాటుచేసిన సమావేశంలో ఈ పేరు పుట్టింది. అప్పటినుంచి అది ఎంత పెరిగిందంటే, ఈ రంగానికి చెందిన అంతర్జాతీయ వేదిక 2024లో వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఇలాంటి పెట్టుబడి లక్షన్నర కోట్ల డాలర్లు దాటింది. దీని మీద మన దగ్గర జరిగే చర్చ ఎప్పుడూ ఒకే చోట తిరుగుతుంది: సేవలో లాభం ఉండవచ్చా, ఉండకూడదా? అది అసలు ప్రశ్న కాదని నా అభిప్రాయం. లాభం ఎంత అన్నదాని కన్నా, ఆ డబ్బు ఎప్పుడు తిరిగి రావాలన్నది ఎవరు నిర్ణయించారన్నదే మంచిచెడులను తేలుస్తుందని ఇన్నేళ్ల అనుభవం నాకు నేర్పింది. గడువు పనిలోంచి పుట్టిందా, పెట్టుబడి పెట్టినవాడి అవసరంలోంచి పుట్టిందా? ఈ ప్రశ్న మనకు కొత్తదేమీ కాదు. ఆరున్నర శతాబ్దాల కిందటే మన నేల మీద దానికో జవాబు రాసి ఉంది.

మన ఉదయగిరి నుంచి రాజ్యం చేసిన విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు, బుక్కరాయల కొడుకు, కడప సీమలోని పోరుమామిళ్లలో ఒక చెరువు కట్టించాడు. 1369 నాటి ఆ శాసనం రాళ్ల మీద సంస్కృతంలో ఉంది. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని లెక్క చెబుతుంది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, తగలకూడని ఆరు దోషాలను ఏకరువు పెడుతుంది. జలశాస్త్రం తెలిసినవాడు ఉండాలి, గట్టి నేల ఉండాలి, దగ్గరలో రాతి గని ఉండాలి, కింద సాగు భూమి ఉండాలి. దోషాల్లో కట్ట కారడం ఒకటి, చవిటి నేల ఒకటి. మరొకటి నన్ను ఎప్పుడూ ఆలోచనలో పడేస్తుంది: నేల ఎక్కువై నీరు చాలకపోయినా దోషమే, నీరు ఎక్కువై నేల చాలకపోయినా దోషమే. ఈ మాటను కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

రాజులు కట్టించిన చెరువులు కొన్నే. మిగిలినవాటిలో చాలా భాగం ఊరి పెద్దలు, వర్తకులు, దేవాలయాలు సొంత ఖర్చుతో కట్టించినవి, బాగు చేయించినవి. అందులో పుణ్యమెంతో ఆదాయమూ అంతే. చెరువు కట్టినవాడికో, తెగిన కట్ట పోసినవాడికో దాని కింద కొంత భూమిని పన్ను లేకుండానో, తక్కువ పన్నుకో ఇచ్చేవారు. దాన్నే దశబంధం అన్నారు. పేరుకు పదో వంతు, ఆచరణలో చోటును బట్టి మారేది. తరతరాలకూ చెల్లేది, కాని ఒక షరతు మీద: చెరువు బాగోగులు చూసుకుంటూ దాన్ని నిలబెట్టాలి. ఈ ఏర్పాటులోని తెలివి ఆ షరతులోనే ఉంది. చెరువులో నీళ్లుంటేనే దశబంధం మడిలో పంట. తూము పూడితే ఊరి పొలంతో పాటు పెట్టుబడి పెట్టినవాడి పొలమూ ఎండుతుంది. అతను డబ్బు తీసుకుని ఎక్కడికీ పోలేడు, చెరువు వయసే అతని గడువు. ఈ ఏర్పాటును నేను పొగిడి వదిలేయలేను. ఆ మడిలో దిగి పనిచేసినవాళ్లకు ఆ నీటి మీద ఏ హక్కూ ఉండేది కాదు, కులం అడ్డుగోడగా నిలిచేది. మేలు ఎవరికి అన్న ప్రశ్నకు దశబంధం జవాబు చెప్పలేదు. గడువు ఎవరిది అన్న ప్రశ్నకు మాత్రం చెప్పింది.

ఐదు వందల ఏళ్ల తర్వాత అదే సీమకు మరో రకం డబ్బు వచ్చింది. కర్నూలు-కడప కాలువ, మనమంతా కె.సి. కెనాల్ అనే కాలువ, మొదట ప్రభుత్వం కట్టింది కాదు. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ లండన్‌లో వాటాలు అమ్మి పది లక్షల పౌన్లు పోగుచేసింది. 1863లో పని మొదలుపెట్టి, సుంకేసుల దగ్గర తుంగభద్ర మీద ఆనకట్ట వేసి, 1870 ప్రాంతంలో పూర్తిచేసింది. కరువు సీమకు నీరు, వాటాదారుకు లాభం అన్నదే ఆ సంకల్పం. ఇవాళ్టి ఏ ఫండ్ పత్రంలో రాసినా సరిపోయే మాట. తేడా ఒక్కచోట ఉంది. నీరు పొలాలకు పారినా పారకపోయినా వాటాదారుకు ఏటా 5 శాతం వడ్డీకి ప్రభుత్వం హామీ ఇచ్చింది. నల్లరేగడిలో జొన్న పండించుకునే రైతుకు ఆ నీరు ఎప్పుడు, ఎంత, ఎందుకు కావాలో తెలుసుకోవలసిన అవసరం లండన్‌లో ఎవరికీ లేకుండా పోయింది. అనుకున్నంత ఆయకట్టు నీరు తీసుకోలేదు, కంపెనీకి ఆదాయం రాలేదు. వడ్డీ మాత్రం ఖజానా నుంచి, అంటే ఆ రైతు కట్టిన శిస్తు నుంచే, వెళుతూ వచ్చింది. చివరకు 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. కాలువ చెడ్డది కాదు, ఇప్పటికీ పారుతోంది. కాని దాన్ని తవ్వించిన డబ్బుకు, కాలువకు బంధం తెగిపోయింది.

ఇక మన నెల్లూరు జిల్లా కథకు వస్తాను. ఇక్కడ కూర్చున్న పొదుపు సంఘాల అక్కలకు నాకన్నా బాగా తెలిసిన కథ ఇది. అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడుల్లో చదువుకున్న ఆడవాళ్లు 1992లో దూబగుంటలో సారా దుకాణం మూయించారు. రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. తాగుడుకు పోయే రూపాయి చేతిలో మిగలగానే దాన్ని దాచుకోవాలన్న ఆలోచన కలిగింది. రోజుకో రూపాయి, నెలకు ముప్ఫై. నెల్లూరు పొదుపు సంఘాల పునాది ఆ ముప్ఫై రూపాయలే. అప్పటికే 1982 నుంచి డ్వాక్రా ఉంది, 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపే పథకం మొదలుపెట్టింది. కాని సంఘానికి ప్రాణం పోసింది పథకం కాదు. సంఘం అప్పు ఇచ్చేటప్పుడు గడువు సంఘమే వేసుకునేది. ఎవరి ఇంట్లో కాన్పు, ఎవరి చేలో కోత, ఎవరి మొగుడు వలసపోయాడు అన్నది కూర్చున్న పదిహేనుమందికీ తెలుసు కాబట్టి వాయిదాకు కాస్త సాగే గుణం ఉండేది. బ్యాంకులో కూర్చుని ఆ సాగుడును మేం క్రమశిక్షణ లేకపోవడం అనుకునేవాళ్లం.

ఆ సంఘాలు పదేళ్లు కష్టపడి పెంచిన నమ్మకం మీదికి సూక్ష్మ రుణ సంస్థలు వచ్చాయి. మొదట వచ్చినవాళ్లలో నిజమైన తపన ఉన్నవాళ్లు ఉన్నారు, అది నేను కళ్లారా చూశాను. బంగ్లాదేశ్‌లో గ్రామీణ బ్యాంకు చేసి చూపింది ఇక్కడా చేయవచ్చని వాళ్లు నమ్మారు. అయితే విరాళాల డబ్బు చాలలేదు, పెట్టుబడి డబ్బు కావలసి వచ్చింది. పెట్టుబడి ఫండుకు సాధారణంగా పదేళ్ల ఆయుష్షు ఉంటుంది. మొదటి మూడు నాలుగేళ్లలో డబ్బు పెట్టాలి, ఆ తర్వాత పెరగాలి, ఏడో ఏటనో ఎనిమిదో ఏటనో ఎవరికైనా అమ్మి బయటపడాలి. దాన్ని వాళ్లు ఎగ్జిట్ అంటారు. ఆ ఫండు గడువు మెట్టు మెట్టుగా కిందికి దిగి, చివరకు పల్లెలో ఒక ఆడమనిషి ముందు వారం వాయిదాగా కూర్చుంటుంది.

ఆ వాయిదా లెక్క ఒకసారి చూడండి. 2009 ప్రాంతంలో ఒక ఊరి చావిడిలో అలాంటి సమావేశాన్ని నేను దూరంగా నిలబడి చూశాను. పొద్దున్నే ఏడు గంటలు. ఐదుగురు ఐదుగురు చొప్పున వరుసల్లో కూర్చున్నారు. మోటారు సైకిల్ మీద వచ్చిన కుర్రవాడి వయసు ఇరవై రెండు దాటదు. పదివేల అప్పు, 15 శాతం వడ్డీ అని చెబుతున్నాడు. పదివేల మీద వడ్డీ పదిహేను వందలు, మొత్తం పదకొండు వేల ఐదు వందలు, యాభై వారాలు, వారానికి 230 రూపాయలు. అసలు ప్రతి వారం తగ్గుతూ ఉంటే వడ్డీ మాత్రం మొదటి పదివేల మీదే ఉంటుంది కాబట్టి నిజానికి పడే వడ్డీ 30 శాతానికి దగ్గర. అది కూడా నాకు అంత బాధ కలిగించలేదు, ఊళ్లో వడ్డీ వ్యాపారి అంతకన్నా ఎక్కువే గుంజుతాడు. బాధ పెట్టింది, డబ్బు తీసుకున్న మరుసటి వారమే మొదటి 230 కట్టాలన్న నిబంధన. ఏ బర్రె వారంలో పాలిస్తుంది? ఏ చేను వారంలో కోతకొస్తుంది? వారం వారం తిరిగే డబ్బు చిల్లర వ్యాపారంలో ఉంది, కూలిలో ఉంది, ఇంకో సంస్థ ఇచ్చే అప్పులో ఉంది. ఆ రోజు రెండో వరుసలో ఒకామె కొంగు ముడి విప్పి నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. ఆ నోట్లు ముందు రోజు ఇంకో సంస్థ కుర్రవాడు ఇచ్చి వెళ్లినవని ఆమె పక్కనున్నావిడ నాతో మెల్లగా అంది.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలిసిందే. అప్పటి మెదక్ జిల్లా నారాయణఖేడ్‌లో స్వచ్ఛంద సంస్థగా మొదలైన సూక్ష్మ రుణ సంస్థ ఎస్.కె.ఎస్. 2010 ఆగస్టులో స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. ఇష్యూకు దాదాపు పధ్నాలుగు రెట్లు దరఖాస్తులు వచ్చాయి. రెండు నెలలు తిరగకుండానే, అప్పుల ఒత్తిడితో ఆత్మహత్యలన్న వార్తల మధ్య, అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. అందులో ఒక అంశాన్ని పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు. వసూలు వారానికి కాదు, నెలకు ఒకసారే ఉండాలన్నది ఆ అంశం. అంటే ప్రభుత్వం కూడా గడువు మీదే చెయ్యి వేసింది. కాని ఆ చెయ్యి మొరటుది. వసూళ్లు నూటికి తొంభై తొమ్మిది నుంచి పది దాకా పడిపోయాయి. ఆడవాళ్లు కొందరు మళ్లీ వడ్డీ వ్యాపారి గడప ఎక్కారు. వాయిదాలు ఎగ్గొట్టవచ్చన్న పాఠం నేర్చుకున్న ఊళ్లలో నిజాయితీగా నడిచే సంఘాలు కూడా దెబ్బతిన్నాయి. ప్రభుత్వాలు చూసుకునే ఎన్నికల గడువు కూడా ఒక గడువే, అదీ పనిలోంచి పుట్టింది కాదు.

పోరుమామిళ్ల శాసనం చెప్పిన దోషాన్ని ఇప్పుడు గుర్తు చేసుకోండి. నీరు ఎక్కువై నేల తక్కువైన చెరువు. 2008, 2009 సంవత్సరాల్లో మన రాష్ట్రంలోకి వచ్చిన డబ్బు అలాంటిది. అంత డబ్బును లాభసాటిగా ఇముడ్చుకోగల పనులు పల్లెల్లో అప్పటికి లేవు. నీరు కట్ట తెంచుకుంది.

అలాగని బయటి డబ్బు వద్దనడం నా ఉద్దేశం కాదు. రాజస్థాన్‌లోని భిల్వారా జిల్లాలో 2015 నుంచి మూడేళ్లు ఒక ప్రయోగం జరిగింది. బడి బయట ఉన్న ఆడపిల్లలను చేర్పించి, పిల్లలకు చదువు నేర్పే పనికి ఎడ్యుకేట్ గర్ల్స్ అనే సంస్థకు యు.బి.ఎస్. ఆప్టిమస్ ఫౌండేషన్ పెట్టుబడి పెట్టింది. ఫలితం వస్తేనే మరో సంస్థ ఆ డబ్బును లాభంతో తిరిగి ఇస్తుంది. చివరకు చేరికల్లో లక్ష్యానికి 116 శాతం, చదువులో 160 శాతం సాధించారు. ఈ అంకెలనే అందరూ చెబుతారు. నాకు ముఖ్యమనిపించింది మరొకటి: రెండో ఏడాది ముగిసేసరికి చదువులో లక్ష్యం దాదాపు సగమే అందింది. ఒప్పందం రెండేళ్లదే అయి ఉంటే ఇదే పనిని విఫలమని రాసి ఫైలు మూసేవాళ్లు.

మన దగ్గర నిలబడిన పనులను చూస్తే వాటి వెనక ఓపిక ఉన్న డబ్బు కనిపిస్తుంది. 1987లో హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు ఎల్.వి. ప్రసాద్ కుటుంబం ఇచ్చిన విరాళంతో మొదలుపెట్టిన కంటి ఆసుపత్రిలో దాదాపు సగం మందికి ఉచితంగా వైద్యం జరుగుతుంది, కట్టగలిగినవాళ్లు కట్టింది ఆ ఖర్చును మోస్తుంది. అక్కడ వాటాదారు లేడు, అందుకే ఎగ్జిట్ కూడా లేదు. భీమదేవరపల్లి మండలం ములుకనూరులో 1956లో ఎ.కె. విశ్వనాథరెడ్డి స్థాపించిన సహకార సంఘం ఇవాళ్టికీ అప్పు ఇస్తుంది, విత్తనం తయారుచేస్తుంది, పత్తి గింజ తీస్తుంది, మిగులును సభ్యులకే పంచుతుంది. 1964 నాటి సహకార చట్టం కింద ప్రభుత్వం ఎప్పుడు కావాలంటే అప్పుడు పాలకవర్గాలను రద్దు చేయగలిగేది. అలాంటి రోజుల్లో అది నిలిచిందంటే సభ్యుల పట్టుదలే కారణం. 1995లో వచ్చిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఆ పట్టుదలకు చట్టబద్ధత ఇచ్చింది. ఆ చట్టం నీడనే 2002లో అదే ములుకనూరులో ఆడవాళ్ల డెయిరీ వచ్చింది, స్వకృషి పేరుతో పాలు అమ్ముతుంది. ఇలాంటి ఒక మహిళా డెయిరీ సమావేశంలో, పేరు చెప్పను, డబ్బు పెడతామని వచ్చిన ఒక యువకుడు మర్యాదగానే అడిగాడు: ఐదేళ్ల తర్వాత మేం ఎలా బయటపడతామని. అధ్యక్షురాలికి ప్రశ్న అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకుని, “మేం యాడికి పోతాం సార్, ఈడనే ఉంటాం గదా” అంది. ఆ ఒప్పందం కుదరలేదు. ఇద్దరిలో ఎవరిదీ తప్పని నేననను.

అరకు మాటకు వస్తే అక్కడి అనుభవం నాకు దశబంధాన్ని గుర్తు తెస్తుంది. పోడు కొట్టుకునే కొండల మీద కాఫీ కొత్తది కాదు. కాని కాఫీ మొక్క కాపుకు మూడు నాలుగేళ్లు పడుతుంది. నీడకు సిల్వర్ ఓక్, దాని మీదికి మిరియాల తీగ ఎక్కాలి. అన్నేళ్లు గిరిజన కుటుంబం ఏం తిని ఆగుతుంది? నాంది ఫౌండేషన్ అక్కడి రైతులను సహకార సంఘంగా కూర్చింది. డానోన్ వంటి యూరప్ కంపెనీలు కలిసి పెట్టిన లైవ్లీహుడ్స్ ఫండ్ మొక్కలకు ముందే డబ్బు ఇచ్చింది. ఆ డబ్బుకు ప్రతిఫలం ఇరవై ఏళ్ల పాటు చెట్లు పీల్చుకునే కార్బన్ లెక్క. చెట్టు బతికితేనే పెట్టుబడిదారుకు ఏదైనా దక్కుతుంది. అరకు కాఫీ 2017లో పారిస్‌లో దుకాణం తెరిచింది, 2019లో భౌగోళిక గుర్తింపు పొందింది. ఇందులో నాకు సందేహం లేకపోలేదు. ఇక్కడ చెట్టు పెరిగిందని చూపి ఎక్కడో ఒక ఫ్యాక్టరీ పొగ మానకుండా ఉంటే కొండ చేసిన మేలు ఎటు పోయినట్టు? ఆ లెక్క ఇంకా తేలవలసి ఉంది. గడువు వరకు చూస్తే మాత్రం అది చెట్టు గడువే.

దీనికి విరుద్ధంగా నడిచిన ఉదాహరణా మన దగ్గరే ఉంది. 2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 కల్లా అరవై లక్షల మంది రైతులను ప్రకృతి వ్యవసాయంలోకి తెస్తామని, బి.ఎన్.పి. పారిబా బ్యాంకు, ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ తోడుగా పెద్ద ఎత్తున పెట్టుబడి సమీకరిస్తామని ప్రకటించింది. ఆ గడువు దాటిపోయింది, ఆ సంఖ్య అందలేదు. ఉద్యమం మాత్రం ఆగలేదు, ఊరూరా పొదుపు సంఘాల ఆడవాళ్ల భుజాల మీద నడుస్తోంది. దాన్ని నడిపిన టి. విజయకుమార్ గారే అంతకుముందు పదేళ్లు గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్‌లో సంఘాలను కట్టినవారు కావడం కాకతాళీయం కాదు. నేలలో జీవం తిరిగి రావడానికి ఎన్నేళ్లు పడుతుందో పెట్టుబడి పత్రానికి తెలియకపోవచ్చు, ఆ అక్కలకు తెలుసు.

గడువు లేకపోతే బాధ్యత ఎక్కడిదని నన్ను చాలామంది అడిగారు. న్యాయమైన ప్రశ్న. అడిగేవాడు లేని డబ్బు ఎన్ని సహకార బ్యాంకులను ముంచిందో ఉద్యోగంలో ఉండగా చూశాను, కొన్నింటి శవపంచనామా నేనే రాశాను. గడువు ఉండాలి. దాన్ని చేను చూసినవాడు వేయాలి.

ఇక ఆ గడి సంగతి. మాస్టారి పుస్తకంలో ఒక పద్దు ఉంది: ఎకరం నిమ్మతోటకు ఆరువేల అప్పు. తేదీ ఉంది, సభ్యురాలి వేలిముద్ర ఉంది, సాక్షులున్నారు. గడువు అన్న గడిలో తేదీకి బదులు “మొదటి కాపు అమ్మాక” అని ఉంది. నేను అభ్యంతరం రాశాను. మాస్టారు నాతో వాదించలేదు. నిమ్మ నాలుగో ఏటగానీ చేతికి రాదు బాబూ, అని మాత్రం అన్నారు. మూడేళ్లకు మించి ఇవ్వడానికి నా నిబంధనల్లో వీలు లేదు. నా ముందే ఆయన ఆ మాటలు కొట్టేసి తేదీ వేశారు. ఆ పుస్తకం మొత్తంలో ఉన్న ఒకే ఒక కొట్టివేత అది. మూడేళ్ల తర్వాత మళ్లీ తనిఖీకి వచ్చాను. అప్పు తేదీకి తీరిపోయింది. ఎలా తీరిందని అడగడం నా పని కాదు గనుక అడగలేదు. వెళ్లేటప్పుడు దారిలో తోట కనిపించింది, చెట్లు నడుమెత్తు పెరిగి పూతకు సిద్ధంగా ఉన్నాయి. పక్కన పశువుల పాక ఖాళీగా ఉంది. బర్రెలను రెంటినీ సంతకు తోలారని, తోటను కాపుకు ముందే కౌలుకిచ్చారని డ్రైవరు చెప్పాడు. నివేదికలో ఆ పద్దుకు ఎదురుగా “సక్రమంగా వసూలైంది” అని రాసి, కింద సంతకం పెట్టాను.